మన్ననూరు గేటు దాటాక పంక్చరైతే: శ్రీశైలం బైక్ యాత్రకు ట్యూబ్‌లెస్ కిట్

హైదరాబాద్ నుంచి శ్రీశైలం సుమారు 215 కిలోమీటర్లు. తుక్కుగూడ దగ్గర ఔటర్ దాటి కడ్తాల్, ఆమనగల్, కొట్ర, వంగూరు గేటు, డిండి, హాజీపూర్ మీదుగా మన్ననూరు చేరేదాకా పంక్చర్ గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. రోడ్డు మీది ఊళ్లన్నింటా గాలి మిషన్, పాత టైరు పెట్టుకున్న షెడ్డు కనిపిస్తూనే ఉంటుంది. ఒక హోల్‌కు వంద, నూటయాభై తీసుకుంటారు. ఇక్కడ కిట్ బయటికి తీయకుండా షాపుకే వెళ్లడం మేలు. మేకు టైరులోనే ఉంటే గాలి మెల్లగా దిగుతుంది కాబట్టి కాస్త గాలి ఉన్నంతసేపు నెమ్మదిగా షాపు దాకా పోవచ్చు.

మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసేస్తారు. అక్కడి నుంచి శ్రీశైలం ఇంకా 75 కిలోమీటర్ల పైచిలుకే. ఫర్హాబాద్, వటవర్లపల్లి మీదుగా దోమలపెంట, ఈగలపెంట వచ్చేవరకు మనుషులున్న చోట్లు తక్కువ, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. కిట్ నిజంగా అక్కరకొచ్చేది ఈ దారిలోనే. చేయి తిరిగినవాళ్లకు రంధ్రంలో స్ట్రిప్ (జిగట రబ్బరు పట్టీ) వేసి గాలి నింపడానికి ఇరవై నిమిషాలు చాలు, మొదటిసారి వేసేవాళ్లకు ముప్పావుగంట పడుతుంది. అందుకే గేటు మూసే 9 గంటలను లెక్కలోకి తీసుకోకండి, పొద్దుగూకడాన్ని తీసుకోండి. సాయంత్రం నాలుగున్నర దాటాక మన్ననూరు చేరితే ఆ రాత్రి అక్కడే ఆగడం మంచిది. అటవీశాఖ కాటేజీలు మన్ననూరులోనే ఉన్నాయి, కాకపోతే ముందుగా బుక్ చేసుకోవాలి. అవి దొరక్కపోతే వెనక్కి అచ్చంపేట వెళ్లి లాడ్జిలో పడుకోవచ్చు. కాటేజీకి ఖర్చు ఎక్కువైనా తెల్లారి ఆరింటికి గేటు తీయగానే బయల్దేరొచ్చు. అచ్చంపేటలో ఉంటే మెకానిక్కులు, టైరు షాపులు దగ్గర. టైరు మీద ముందే అనుమానం ఉన్నవాళ్లు అచ్చంపేటే ఎంచుకోవాలి.

బయల్దేరే ముందు మీ బండికి ఈ కిట్ పనికొస్తుందో లేదో చూసుకోండి. టైరు మీద 'ట్యూబ్‌లెస్' అని రాసి ఉన్నంతమాత్రాన సరిపోదు. ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబ్ వేసి నడిపే బళ్లు చాలా ఉన్నాయి. స్పోకుల చక్రం అయితే చాలామటుకు లోపల ట్యూబ్ ఉంటుంది. వాల్వ్ కాడ చుట్టూ రిమ్ముకు బిగించిన నట్టు కనిపిస్తే అనుమానించాలి. ట్యూబ్‌లెస్ అల్లాయ్ చక్రానికి సాధారణంగా రబ్బరు మొదలున్న వాల్వ్ రిమ్ములో ఇరుక్కుని ఉంటుంది. ట్యూబ్ ఉన్న చక్రంలో స్ట్రిప్ దూర్చితే ట్యూబ్ చిరిగిపోతుంది. అలాంటి బండికి స్పేర్ ట్యూబ్, టైరు లివర్లు, వాటిని వాడటం వచ్చిన మనిషి కావాలి.

కిట్‌లో ఉండాల్సినవి: రంధ్రాన్ని గీకే గరుకు పళ్లున్న రీమర్, స్ట్రిప్ దూర్చడానికి దబ్బనంలా కన్నున్న సువ్వ, పది స్ట్రిప్‌లు, చిన్న సొల్యూషన్ (రబ్బరు జిగురు) ట్యూబు, బ్లేడు, నోస్ ప్లయర్, గాలి కొలిచే గేజి, వాల్వ్ పిన్ను తిప్పే పరికరం, అదనంగా రెండు వాల్వ్ పిన్నులు, చాక్‌పీస్, చిన్న సీసాలో సబ్బునీళ్లు. రీమర్‌కూ సువ్వకూ పిడి టీ ఆకారంలో ఉండాలి. స్క్రూడ్రైవర్ పిడి ఉన్నవి చవకే కానీ గట్టి టైరులోకి తోసేటప్పుడు అరచేయి జారిపోతుంది, పిడి ఊడి సువ్వ టైరులోనే ఉండిపోతుంది. స్ట్రిప్‌లు వేళ్లకు జిగటగా అంటుకుంటుంటే బాగున్నట్టు. ఎండిపోయి పగుళ్లిచ్చినవి పారేయండి. ఎండలో నిలిపిన బండి పెట్టెలో ఏడాది పడున్న పాకెట్‌ను నమ్మలేం. సొల్యూషన్ ట్యూబు ఒకసారి విప్పితే కొన్నాళ్లకే లోపల గడ్డకడుతుంది, కాబట్టి విప్పనిది ఒకటి తీసుకెళ్లాలి.

గాలి నింపే పరికరం లేకపోతే పైవన్నీ ఉన్నా లాభం లేదు. చార్జింగ్ పంపు తేలిక, కానీ బయల్దేరే ముందు రాత్రే నిండా చార్జ్ చేయాలి. బండి బ్యాటరీకి తగిలించే 12 వోల్టుల పంపు అయితే క్లిప్పులున్నది తీసుకుని నేరుగా బ్యాటరీకే పెట్టండి. హ్యాండిల్ దగ్గరుండే చిన్న సాకెట్‌కు పెడితే ఫ్యూజు పోవచ్చు. నింపేటప్పుడు ఇంజిన్ నడుస్తుండాలి. పంపు వేడెక్కితే ఆపి చల్లారనివ్వాలి. కాలితో తొక్కే పంపు బరువే కానీ దానికి బ్యాటరీతో పని లేదు.

ఇక పని. బండిని మలుపులో కాకుండా రెండు వైపులా దూరం నుంచి కనిపించే చోట, రోడ్డు దిగువకు ఆపాలి. సెంటర్ స్టాండ్ ఉంటే వేయండి. లేకపోతే చక్రం కొంచెం కొంచెం జరిపి మేకు చేతికి అందే ఎత్తుకు తెచ్చుకుని గేరులో ఉంచండి. మేకు కనిపించకపోతే సబ్బునీళ్లు చల్లి బుడగలు చూడండి, ముందుగా వాల్వ్ దగ్గర. కారేది వాల్వ్ పిన్ను అయితే అది మార్చడం రెండు నిమిషాల పని. మేకు దొరగ్గానే లాగేయొద్దు. టైరులో గాలి ఉన్నంతవరకు రబ్బరు గట్టిగా ఉంటుంది, రీమర్ తేలిగ్గా దిగుతుంది. ఖాళీ టైరు లోపలికి నొక్కుకుపోయి సువ్వను నిలవనివ్వదు. గాలి బాగా తగ్గిపోయి ఉంటే మేకు ఉండగానే ఇరవై పీఎస్‌ఐ (గేజిలో గాలి ఒత్తిడి కొలత) దాకా నింపండి. చుట్టూ చాక్‌పీసుతో గుర్తు పెట్టి, స్ట్రిప్‌ను సువ్వ కన్నులోకి సగానికి లాగి సొల్యూషన్ పూసి సిద్ధంగా ఉంచుకున్నాకే మేకు తీయాలి.

మేకు ఏ వాలులో దిగిందో ప్లయర్‌తో తీసేటప్పుడే గమనించండి. రీమర్ అదే వాలులో పోవాలి. నిటారుగా తోస్తే పక్కన రెండో రంధ్రం పడుతుంది, స్ట్రిప్ ఒకదాంట్లో ఉంటే గాలి ఇంకోదాంట్లోంచి పోతుంది. రీమర్‌ను కుడివైపుకే తిప్పుతూ ఆరేడుసార్లు లోపలికీ బయటికీ ఆడించండి. బిగువు కొంచెం తగ్గితే చాలు, ఎక్కువ గీకితే రంధ్రం పెద్దదవుతుంది. తర్వాత సువ్వను బలంగా తోసి స్ట్రిప్ రెండు కొసలు అంగుళంలో సగం బయట మిగిలేలా ఆపి, తిప్పకుండా ఒక్క ఊపున అదే వాలులో లాగేయాలి. నెమ్మదిగా లాగితే స్ట్రిప్ కూడా వచ్చేస్తుంది. వచ్చేసిందంటే రంధ్రం సరిగా గీకలేదు, లేదా స్ట్రిప్ ఎండిపోయింది. మొత్తం లోపలికి జారిపోతే ఇంకోటి వేయాలి. బయటున్న కొసలను రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి కోయండి. మొదలంటా కోస్తే స్ట్రిప్ లోపలికి జారే వీలుంటుంది. గాలి నింపి సబ్బునీళ్లు పోసి చూడండి. బుడగలు వస్తే అదే రంధ్రంలో రెండో స్ట్రిప్ పక్కనే దూర్చవచ్చు. మూడోది కావాల్సి వచ్చిందంటే ఆ రంధ్రం స్ట్రిప్‌కు మించినది.

పక్కగోడ మీద, అంటే రోడ్డుకు తగలని వంపులో రంధ్రం పడితే స్ట్రిప్ వేయకూడదు. అక్కడ రబ్బరు ప్రతి చుట్టుకూ వంగుతుంది, స్ట్రిప్ నిలవదు. పెన్సిల్ మందం దాటిన చీలికకూ ఇంతే. గాలి లేకుండా వేగంగా నడిపిన టైరు పక్కగోడ లోపల నలిగిపోతుంది. రబ్బరు పొడి రాలితే ఆ టైరు పని అయిపోయినట్టే. గుంతలో పడి రిమ్ము వంగితే గాలి అంచు నుంచి కారుతుంది, ఆ జబ్బుకు ఈ కిట్‌లో మందు లేదు. అలాంటప్పుడు అటుగా వెళ్లే లారీ లేదా ఆటో ట్రాలీలో బండిని శ్రీశైలానికి ముందొచ్చే సున్నిపెంటకు ఎక్కించడమే దారి.

మల్లెల తీర్థం జలపాతం చూడాలనుకునేవాళ్లు వటవర్లపల్లి దగ్గర లోపలికి తిరుగుతారు. ప్రధాన రోడ్డు కంటే ఆ దారిలో ముళ్లు, చిన్న రాళ్లు ఎక్కువ. ముల్లు దిగితే గాలి గంటల తరబడి మెల్లగా పోతుంది, అప్పటికప్పుడు తెలియదు. అక్కడి నుంచి తిరిగొచ్చాక తారురోడ్డు ఎక్కేముందు గేజితో చూసుకోండి.

స్ట్రిప్ వేసిన చక్రంతో గంటకు అరవై దాటొద్దు. పది కిలోమీటర్లకొకసారి గాలి చూడండి. వెనక చక్రమైతే కొంత ధైర్యంగా పోవచ్చు. ముందు చక్రమైతే డ్యాం దాకా ఘాట్ మలుపుల్లో ఇంకా నెమ్మది అవసరం. అడవిలో మేకులు, కోసిన స్ట్రిప్ ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు వదిలిరాకండి. మేకు జేబులో వేసుకుంటే షాపువాడికి లోతు చూపించడానికి పనికొస్తుంది.

బస విషయంలో, శ్రీశైలంలో దేవస్థానం గదులు, హరిత హోటల్, సంఘాల సత్రాలు ఉన్నాయి. టైరు సంగతి చూసుకోవాల్సిన రాత్రికి సున్నిపెంట లాడ్జీలే అనుకూలం. మెకానిక్ షాపులు అక్కడే ఉన్నాయి, గుడికి వెళ్లిరావడానికి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. ఎక్కడ దిగినా బండిని చదునైన నేల మీద పెట్టి రాత్రి ఒకసారి, తెల్లారి ఒకసారి గాలి కొలవండి. రెండు మూడు పీఎస్‌ఐ కంటే ఎక్కువ దిగితే షాపులో టైరు విప్పించి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ (పుట్టగొడుగులా కాడ ఉన్న రబ్బరు ప్యాచ్) వేయించండి. షాపుల్లో చాలామంది ఇంకో స్ట్రిప్ వేసి పంపేస్తారు, కాబట్టి మాట ముందే తేల్చుకోవాలి. దోర్నాల వైపు దిగేవాళ్లు ఈ పని సున్నిపెంటలోనే చేయించుకోవాలి. అటు కూడా యాభై కిలోమీటర్ల దాకా అడవే, రాత్రి గేటు అక్కడా మూస్తారు.