మారిషస్‌లో ముత్తాత తమ్ముడి జాడ

మద్రాసు రేవులో మారిషస్ ఓడ ఎక్కి తిరిగిరాని మా ముత్తాతగారి తమ్ముడిని మా ఇంట్లో పోయినవాళ్లలోనూ లెక్కపెట్టరు, ఉన్నవాళ్లలోనూ లెక్కపెట్టరు. ఆత్మకథ పునాదిగా నేను రాస్తున్న నవల ఆయన దగ్గరికి వచ్చేసరికి ఆగిపోవడంతో మారిషస్ వెళ్లాను.

రాజధాని పోర్ట్ లూయీలో ఓడరేవు పక్కనున్న ఆప్రవాసీ ఘాట్‌కు ముందుగా వెళ్లడం మంచిది. 1849లో కట్టిన ఈ వలస కేంద్రానికి 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. 1834 నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మంది భారతీయ ఒప్పంద కూలీలు ఈ ద్వీపానికి వచ్చారు. నల్లరాతి మెట్లు, గదుల గోడలు కొంతమేరకే మిగిలాయి కాబట్టి పక్కనే ఉన్న వివరణ కేంద్రాన్ని చూడకుండా వాటిని చూస్తే పెద్దగా అర్థం కావు. ప్రవేశానికి రుసుము లేదు.

అసలు పని మోకా అనే ఊళ్లోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. వలస వచ్చినవారి రిజిస్టర్లు అక్కడే ఉన్నాయి; ప్రతి మనిషికీ ఒక సంఖ్య, దాని వెంట ఓడ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు నమోదై ఉంటాయి. 1860ల తరువాత వచ్చినవారిలో కొందరి ఛాయాచిత్రాలు కూడా దొరుకుతాయి. ముందుగా ఉత్తరం రాసి, సమయం తీసుకుని వెళ్లాలి. తెలుగు పేర్లను గుమాస్తాలు చెవికి వినబడినట్టు రాసుకోవడం వల్ల ఒకే పేరు పలు రూపాల్లో కనిపిస్తుంది; అందువల్ల పేరును నమ్ముకోవడం కంటే ఊరినీ తండ్రి పేరునూ పట్టుకుని వెతకడమే మేలు. విశాఖపట్నం జిల్లా నుంచి వచ్చిన ఇద్దరు మా మనిషికి దగ్గరగా కనిపించారు గాని, ఒకరికి వయసు కుదరలేదు, మరొకరికి తండ్రి పేరు కుదరలేదు.

బస విషయంలో సముద్రతీర రిసార్టుల ఆకర్షణకు లోనుకాకూడదన్నది నా అభిప్రాయం. అవి బాగానే ఉంటాయి, కానీ రిజిస్టర్ల పని ఉన్నవారికి రోజూ ప్రయాణమే సరిపోతుంది. రోజ్‌హిల్ ప్రాంతంలో నేను దిగిన చిన్న అతిథిగృహంలో గది ఇరుకైనా, మెట్రో రైలు దగ్గర కావడంతో అటు పోర్ట్ లూయీకీ ఇటు మోకా వైపుకూ వెళ్లడం సులువైంది. ఎత్తున ఉండడం వల్ల రాజధానికంటే అక్కడ చల్లగా కూడా ఉంటుంది.

ఇక్కడి తెలుగువారి ఇళ్లలో రోజువారీ మాట చాలావరకు క్రియోల్, అంటే ఫ్రెంచి నుంచి పుట్టిన స్థానిక భాష. అయినా సింహాద్రి అప్పన్న కొలుపు నిలిచింది, ఉగాది ప్రభుత్వ సెలవుదినం. వారితో గడిపాక, వారిని ‘తప్పిపోయిన బంధువులు’గా రాసుకున్న నా అధ్యాయం నాకే అహంకారంగా తోచింది, తప్పిపోయామని వాళ్లు ఎన్నడూ అనుకోలేదు.

నవలలో ఇప్పుడు ఆ ఇద్దరినీ ఉంచుతున్నాను. ఎవరు మావాడో కథకుడు తేల్చడు. వారి వారసులు అక్కడే ఉండవచ్చు కనుక పేర్లూ సంఖ్యలూ మార్చి, ఓడను మాత్రం రిజిస్టర్‌లో ఉన్నట్టే రాస్తాను.