పాత డీజిల్ పికప్ కొనేవాళ్ళకు హెచ్చరిక: హౌసింగ్ మోత లేదని నమ్మేయకండి

వైజాగ్‌లో సెకండ్‌హ్యాండ్ డీజిల్ పికప్ చూస్తున్నవాళ్ళు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి. ఈమధ్య ఇక్కడ చేతులు మారిన ఒక పాత బండి బేరం రోజున చప్పుడు లేకుండా నడిచింది. కొన్న కొద్ది రోజులకే వెనక హౌసింగ్ (వెనక ఇరుసు మధ్యలో గేర్లుండే గుండ్రటి పెట్టె) ఊళ వేయడం మొదలుపెట్టింది, రాత్రిళ్ళు హెడ్‌లైట్లు మసకబారాయి. విప్పి చూస్తే హౌసింగ్‌లో ఉన్నది గ్రీజు కలిపిన ముద్ద. డాష్‌బోర్డులో బ్యాటరీ లైటు బల్బు పీకేసి ఉంది. అమ్మినవాళ్ళు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

చిక్కటి ఆయిల్ గానీ గ్రీజు గానీ పోస్తే అరిగిన క్రౌన్ పినియన్ (షాఫ్ట్ తిరుగుడును చక్రాలకు అందించే హౌసింగ్ లోపలి గేర్ల జత) పళ్ళ మధ్య ఖాళీ పూడి కొన్ని కిలోమీటర్లు మోత తగ్గుతుంది. వేడెక్కి పలచబడగానే మళ్ళీ వస్తుంది. గ్రీజైతే బేరింగుల దాకా సరిగా పారదు కాబట్టి అవి ఎండి ఇంకా తొందరగా పోతాయి. అందుకే వీధి చివరిదాకా తిప్పి చూస్తే చాలదు. మద్దిలపాలెం నుంచి ఆనందపురం దాకా హైవే మీద నడపండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఊళ వేసి, వదిలేస్తే మోత మారినా ఆగినా క్రౌన్ పినియన్‌ను అనుమానించాలి. తొక్కినా వదిలినా ఒకేలా గుర్రుమంటూ, మలుపు తిప్పితే పెరిగితే వీల్ బేరింగ్. తిరిగొచ్చాక సమతలం మీద ఆపి హౌసింగ్ లెవల్ ప్లగ్ (ఆయిల్ మట్టం చూసే బోల్టు) విప్పించండి. ఆయిల్ రంధ్రం అంచుదాకా ఉండాలి, వేలికి పలచగా జారాలి. ప్లగ్‌కు అంటిన మెత్తటి బూడిదరంగు పేస్టు మామూలే. వేళ్ళ మధ్య గరుకుగా రజను తగిలితే ఆ బండి వద్దు. క్రౌన్, పినియన్ జతగానే మార్చాలి, విడిగా ఒకటి వేస్తే మోత పోదు.

ఫస్ట్ నుంచి రివర్స్‌కు మారుస్తుంటే ఠంగుమంటే జాయింట్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి హౌసింగ్‌కు వెళ్ళే కడ్డీ) కీళ్ళలో ఉండే క్రాసులు చూడాలి. చక్రాలకు రాళ్ళు పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పండి. పినియన్ దగ్గర కొద్దిపాటి ఆట ఉంటుంది, క్రాస్ కప్పులో ఉండకూడదు. కప్పు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపలి సూది బేరింగులు ఎండిపోయినట్టే. బయల్దేరేటప్పుడు మాత్రమే వణికితే షాఫ్ట్‌ను నడుమ మోసే సెంటర్ బేరింగ్ రబ్బరును అనుమానించాలి.

ఇక కరెంటు పని. మన ఊళ్ళో సగం తంటా ఎర్త్‌దే, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి చేరే దారిదే. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు మోసిన బండ్లలో ఐసు కరిగిన ఉప్పునీరు ఛాసిస్ మీదికి కారుతూనే ఉంటుంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ కూడా మసగ్గా వెలిగిందంటే టెయిల్ లైటు ఎర్త్ పోయింది, కరెంటు పక్క ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటోంది. మల్టీమీటర్ ఒక తీగ బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోది ఇంజిన్ బ్లాకుకు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్ పట్టీయో దాని బోల్టు మొదలో తుప్పు పట్టింది. చాలాసార్లు గీకి బిగిస్తే సరిపోతుంది. ఇది తెలియక కొత్త బ్యాటరీ, కొత్త సెల్ఫ్ కొనిపించేవాళ్ళు ఉన్నారు.

తాళం ఆన్ చేయగానే బ్యాటరీ, ఆయిల్ లైట్లు రెండూ వెలిగి, ఇంజిన్ స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేశారేమో చూడండి. చాలా బండ్లలో బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమోకు మొదటి ఉత్తేజం ఆ బల్బు గుండానే వెళ్తుంది, అది లేకపోతే ఛార్జింగే ఆలస్యంగా మొదలవుతుంది. నడుస్తున్న ఇంజిన్ మీద బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. వాక్యూమ్ పంపు (బ్రేకు తేలిగ్గా తొక్కేలా చేసేది) డైనమో వెనకే ఉన్న బండి అయితే అక్కడ ఆయిల్ తడి ఉందేమో వేలు పెట్టి చూడండి. సీలు పోతే ఆయిల్ డైనమోలోకి దిగి ఛార్జింగ్ పడిపోతుంది. పంపే దెబ్బతింటే బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. ఫ్యూజు బాక్సు మూత తీసి రాగి తీగ చుట్టిన ఫ్యూజు ఉందేమో కూడా చూడాలి. వైరింగు కాలే ప్రమాదం అక్కడే ఉంది.

ఇప్పటికే ఇలాంటి బండి కొనేసి ఉంటే లోడు ఎక్కించకండి. హౌసింగ్ విప్పించి గ్రీజంతా కడిగించి, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిల్ పోయించి, పినియన్ బేరింగులు ఆడుతున్నాయేమో చూపించండి.