దక్షిణచిత్రలో హరిపురం చుట్టిల్లు

చెన్నై నుంచి మహాబలిపురం వెళ్ళే తీర రహదారిపై, ముట్టుకాడు వద్ద ఉన్న దక్షిణచిత్ర మ్యూజియంలో దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళు అనేకం ఉన్నప్పటికీ, నేను ఎక్కువసేపు గడిపింది చుట్టింట్లోనే, అంటే గుండ్రటి మట్టిగోడ, తాటాకు కప్పు ఉన్న ఇంట్లోనే. నేటి అనకాపల్లి జిల్లా యలమంచిలి ప్రాంతంలోని హరిపురం దీని స్వగ్రామం. డెబొరా త్యాగరాజన్ స్థాపించిన మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ ఈ మ్యూజియాన్ని 1996లో ప్రారంభించింది. ప్రాంగణ రూపకల్పనలో వాస్తుశిల్పి లారీ బేకర్ పాత్ర ఉంది.

ఇక్కడ చూడవలసింది ఆ గుండ్రదనం వెనుక ఉన్న ఆలోచన. తుపాను గాలి పలకల గోడను ఢీకొట్టినట్టు గుండ్రటి గోడను కొట్టలేక, దాని చుట్టూ జారిపోతుంది. శంఖాకారపు తాటాకు కప్పు చూరు బాగా కిందికి దిగి ఉండటం వల్ల అటు మట్టిగోడ వానకు నానదు, ఇటు గాలి కిందినుంచి దూరి కప్పును ఎత్తుకుపోయే సందూ దొరకదు. మందపాటి మట్టిగోడ ఎండవేడిని తొందరగా లోపలికి రానీయదు. మధ్యాహ్నపు ఉక్కలోంచి తల వంచి గడప దాటినప్పుడు ఆ తేడా ఒంటికే తెలిసింది. మట్టి, కర్ర, తాటాకు అన్నీ ఊరి చుట్టుపక్కల దొరికేవే. దీన్ని పేదరికపు గుర్తుగా చూడటం పొరపాటని, తీరం నేర్పిన ఇంజనీరింగుగా చూడాలని నా గట్టి అభిప్రాయం.

ఎంత శ్రద్ధగా నిలబెట్టినా, కాపురం లేని ఇంటికి ఒక లోటు తప్పదు. రోజూ పొయ్యి వెలిగే ఇంట్లో పొగ తాటాకుకు పట్టి పురుగును దూరంగా ఉంచుతుంది. పండగకో పబ్బానికో నేలను పేడతో అలుకుతారు. మనుషులు ఉంటూ కాపాడుకునే ఇల్లు ఇది. ఆ పనంతా ఇక్కడ నిర్వాహకుల మీదే పడుతుంది కాబట్టి, ప్రవేశ రుసుము నాకు భారమనిపించలేదు.

నల్గొండ ప్రాంతపు కొయ్యలగూడెం నుంచి వచ్చిన నేత ఇల్లు కూడా ఇక్కడే ఉంది. మగ్గం చుట్టూ ఇంటిని ఎలా అమర్చుకున్నారో తెలుసుకోవడానికి అదీ చూడదగినదే.

మంగళవారం సెలవు. వీలైతే పల్లెలో పెరిగిన పెద్దవారిని వెంట తీసుకువెళ్ళండి. చూరులో కొడవలి ఎక్కడ దోపేవారో, అటక మీద ఏం దాచేవారో వారు చెబుతుంటే వినవచ్చు.