స్కాట్లండ్‌లో గోల్ఫ్: సముద్రపు ఒడ్డునా, లోపలి కొండల్లోనా?

గుంటూరు నుంచి అంత దూరం వెళ్ళి గోల్ఫ్ ఆడాలనుకునేవాళ్ళకి నా సలహా ముందే చెప్పేస్తాను. డబ్బూ సమయమూ సముద్రపు ఒడ్డున ఉన్న పాత లింక్స్ కోర్సుల మీద పెట్టండి. లోపలి ప్రాంతాల్లో కొత్తగా కట్టిన కోర్సులు అందంగా ఉంటాయి, సౌకర్యంగా ఉంటాయి. కానీ అలాంటి ఆట మనకి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో దొరుకుతుంది. లింక్స్ ఆట మాత్రం నాకు ఇక్కడ ఎక్కడా దొరకలేదు. మా అన్నయ్య ఈ మాట ఒప్పుకోడు, ఆయన కారణాలూ కింద రాస్తాను.

లింక్స్ అంటే సముద్రానికీ సాగుభూమికీ మధ్య ఉండే ఇసుక నేల. బాపట్ల దాటి సూర్యలంక వైపు వెళితే పొలాలు అయిపోయి ఇసుక దిబ్బలు మొదలయ్యే చోటు ఉంటుంది కదా, ఇంచుమించు అలాంటిది. పంటకి పనికిరాదు కాబట్టి స్కాట్లండ్‌లో ఆ నేలని గొర్రెలకీ కుందేళ్ళకీ వదిలేశారు. ఉప్పుగాలికి చెట్లు ఎదగవు, సన్నటి ఫెస్క్యూ గడ్డి మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. గాలికి తట్టుకోలేక గొర్రెలు ఒదిగి పడుకున్న గుంటలే మొదటి బంకర్లు (బంతి ఇరుక్కునే ఇసుక గుంటలు) అయ్యాయని అక్కడివాళ్ళు చెబుతారు. మాది నల్లరేగడిలో పత్తి, మిర్చి వేసే కుటుంబం. వాన పడితే మా పొలంలో అడుగు తీసి అడుగు వేయడం కష్టం. అందుకే ఎక్కడికి వెళ్ళినా ముందు నేల చూడటం నాకు అలవాటు. స్కాట్లండ్ తూర్పు తీరంలోని పాత గోల్ఫ్ ఊరు సెయింట్ ఆండ్రూస్‌లో పొద్దున జోరుగా వాన కురిసింది. మధ్యాహ్నానికి బూటుకి బురద అంటలేదు, బంతి నేల మీద పడి గలగలా దొర్లుకుంటూ పోయింది. లింక్స్ గొప్పతనమంతా ఈ గట్టి నేలలోనే ఉందని నాకు అక్కడే అర్థమైంది.

ఆ ఊళ్ళోని పేరున్న లింక్స్, ఓల్డ్ కోర్సులో టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టే సమయం, దొరకడం తేలిక కాదు. రెండు రోజుల ముందు పేర్లు ఇస్తే లాటరీ తీస్తారు. మన ఆట స్థాయిని చెప్పే హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ చూపించాలి. వేసవిలో ఆడటానికి కట్టే గ్రీన్ ఫీజు 300 పౌండ్ల పైనే, మన లెక్కలో 30 వేలు దాటుతుంది. ఖచ్చితంగా టీ టైమ్ ఇప్పిస్తామని ఒక ట్రావెల్ ఏజెన్సీ మాకు చెప్పిన ప్యాకేజీ ధర దీనికి ఎన్నో రెట్లు. మేం దాన్ని వద్దనుకుని లాటరీలోనే పేర్లు వేశాం. మొదట రాలేదు, తర్వాత వచ్చింది. చేతిలో రెండు మూడు రోజులు అదనంగా ఉంచుకునేవాళ్ళకి ఇదే మంచి దారి.

మొదటి టీ మీద, అంటే తొలి బంతి కొట్టే చోట, నిలబడితే ముందు ఆశ్చర్యమే. ఎదురుగా విశాలమైన మైదానం, చెట్టు లేదు, చెరువు లేదు. ఒకటో హోల్, పద్దెనిమిదో హోల్ ఒకే పచ్చిక మీద ఉంటాయి, మధ్యలో ఊరి రోడ్డు కూడా దాటుతుంది. గ్రీన్ అంటే హోల్ చివర జెండా ఉండే నున్నటి పచ్చిక. ఇక్కడ రెండేసి హోల్స్ పంచుకునే జంట గ్రీన్లు ఏడు ఉన్నాయి. రెండోది పదహారుతో, మూడోది పదిహేనుతో, ఇలా ఏ జంట కూడినా పద్దెనిమిదే వస్తుంది. ఒకే గ్రీన్ మీద ఆ చివర వేరేవాళ్ళు ఆడుతుంటారు. ఆట అంటే గాలిలోకి కొట్టడమే అనుకుని వెళ్ళినవాడికి ఇక్కడ ఆడే తీరు మార్చుకోవాల్సి వస్తుంది. గ్రీన్‌కి ముప్పై గజాల దూరంలో నేను బంతిని ఎత్తుగా లేపే వెడ్జ్ తీయబోతుంటే, గోల్ఫ్ కర్రలు మోసి సలహా ఇచ్చే క్యాడీ తల అడ్డంగా ఊపి, బంతిని నేల మీద దొర్లించే పట్టర్ అందించాడు. ఆ మిట్టపల్లాల మీదుగా బంతి ఎడమకి తిరిగి, ఆగి, మళ్ళీ కుడికి జారి జెండా పక్కన నిలిచింది. ఆ ఆనందం ఇప్పటికీ తగ్గలేదు. పద్నాలుగులో హెల్ బంకర్ ఒక గదంత లోతుగా అనిపిస్తుంది. పదిహేడులో హోటల్ షెడ్ల మీదుగా, ఎదురుగా ఏమీ కనపడకుండానే కొట్టాలి. గ్రీన్ వెనక రోడ్డు, దాని వెనక గోడ. బంతి రోడ్డు మీద పడితే అక్కడి నుంచే ఆడాలి. ఇవాళ ఎవరైనా ఇలాంటి హోల్ గీసుకొస్తే యజమాని ఒప్పుకోడు. ఇది ఎవరూ కాగితం మీద గీసింది కాదు, శతాబ్దాల పాటు ఆడుతూ ఆడుతూ కుదిరింది. పద్దెనిమిది హోల్స్ అనే లెక్క కూడా 1764లో ఇక్కడ స్థిరపడిందే.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇది ఊరి సొత్తు కావడం. 1552లో ఆర్చిబిషప్ హామిల్టన్ ఇచ్చిన పత్రం ప్రకారం ఆ నేల మీద గోల్ఫ్ ఆడుకునే హక్కు ఊరివాళ్ళదే. ఇప్పుడు 1974 చట్టం కింద ఏర్పడిన ట్రస్టు నడుపుతోంది. ఆదివారం ఆట ఉండదు, పెద్ద పోటీలప్పుడు తప్ప. అప్పుడది పార్కు. కుక్కలతో, పిల్లలతో జనం వచ్చి నడుస్తారు. మా ఆవిడ చీరకట్టుతోనే కోర్సులోని పాత రాతి వంతెన స్విల్కన్ బ్రిడ్జి మీద నిలబడి ఫొటో తీయించుకుంది, ఎవరూ ఏమీ అడగలేదు. పక్కనే హిమాలయాస్ అనే పట్టింగ్ మైదానం ఉంది. 1867లో మహిళలు పెట్టుకున్న క్లబ్బుది. కొద్ది పౌండ్లు ఇస్తే ఎవరైనా ఆడొచ్చు. గోల్ఫ్ క్లబ్, అంటే ఆడే కర్ర, పట్టుకోవడం తెలియని మా ఆవిడ అక్కడ నాకంటే బాగా ఆడింది. ఇంట్లోవాళ్ళని వెంట తీసుకెళ్ళేవాళ్ళు దీన్ని మర్చిపోకండి.

ఎడిన్‌బరోలో ఉద్యోగం చేసే అన్నయ్య కొడుకు, "బాబాయ్, పేరు కోసం కాదు, ఆట కోసం అయితే నార్త్ బెర్విక్ చూడండి" అన్నాడు. వాడి మాట నిజమైంది. ఎడిన్‌బరో నుంచి రైలులో అరగంట పైచిలుకు. స్టేషన్ నుంచి కోర్సుకి నడిచి వెళ్ళొచ్చు. పదమూడో హోల్‌లో గ్రీన్‌కి ముందు పాత రాతిగోడ అడ్డం ఉంటుంది, దాని మీదుగానే కొట్టాలి. పదిహేనోది 'రెడాన్'. గ్రీన్ ఏటవాలుగా వెనక్కి వాలి ఉంటుంది, బంతిని ఒక పక్కన దించి జెండా వైపు దొర్లనివ్వాలి. ఎన్నో దేశాల్లో దీన్ని చూసి హోల్స్ కట్టారు. సముద్రంలో బాస్ రాక్, దాని నిండా తెల్లటి పక్షులు. గాలి మారినప్పుడల్లా ఆట మారిపోతుంది. పొద్దున తక్కువ దూరం కొట్టే ఎనిమిదో ఐరన్ సరిపోయిన చోట సాయంత్రం అన్నిటికంటే దూరం కొట్టే డ్రైవర్ అనే క్లబ్ తీసినవాళ్ళని చూశాను.

డబ్బు తక్కువైతే ఎడిన్‌బరో దగ్గర మసల్‌బరో పాత లింక్స్ ఉంది. గుర్రప్పందేల ట్రాక్ లోపల తొమ్మిది హోల్స్. 1874 నుంచి 1889 మధ్య ఆరు బ్రిటిష్ ఓపెన్ పోటీలు జరిగిన చోటు. పాతకాలపు కర్ర క్లబ్బులు అద్దెకిస్తారు. పందేలున్న రోజు మూసేస్తారు కాబట్టి ముందు కనుక్కోవాలి.

ఇక అన్నయ్య వైపు. ఆయనకి మోకాళ్ళ నొప్పి. ఓల్డ్ కోర్సులో బగ్గీ (ఆటగాళ్ళు తిరిగే చిన్న బండి) మామూలుగా దొరకదు, నడవాల్సిందే. అందుకని లోపలి కొండల్లో ఉన్న గ్లెనీగల్స్ రిసార్ట్‌కి వెళ్ళాం. అక్కడి పీజీఏ సెంటినరీ కోర్సు అమెరికన్ గోల్ఫర్ జాక్ నిక్లాస్ గీసింది, 1993లో తెరిచారు, యూరప్, అమెరికా జట్లు తలపడే రైడర్ కప్ 2014లో జరిగింది ఇక్కడే. హోటల్ గది అద్దె మాకు అందనిది, పెర్త్‌లో గెస్ట్‌హౌస్ తీసుకుని రైల్లో వెళ్ళాం. చుట్టూ కొండలు, చెట్లు, దిద్ది తీర్చిన పచ్చిక. ప్రతి హోల్ ఎక్కడ కొట్టాలో చేయి పట్టుకుని చూపిస్తుంది. నీళ్ళు దాటాలా, బంకర్ తప్పించాలా అన్నది టీ మీద నుంచే తెలుస్తుంది. బంతి దిగిన చోటే దాదాపు ఆగుతుంది, బాగా కొట్టినవాడికి బాగానే జరుగుతుంది. "న్యాయం అంటే ఇదిరా, మంచి షాట్‌ని గుంటలో పడేయదు" అన్నాడు అన్నయ్య. ఆ మాటలో బలం ఉంది. లింక్స్‌లో మంచి షాట్ కూడా ఒక్కోసారి పక్కకి తిరిగి బంకర్లో పడుతుంది. బగ్గీ, లాకర్, ఆట తర్వాత వేడి సూప్, అన్నీ మర్యాదగా అందించారు. సేవల విషయంలో నేను చూసిన వాటిలో ఇదే ముందు.

అయినా నాకు అక్కడ హైదరాబాద్ గుర్తొస్తూనే ఉంది. గచ్చిబౌలి దగ్గర బౌల్డర్ హిల్స్‌లో రాళ్ళగుట్టల మధ్య ఆడినా, గోల్కొండ నయా ఖిల్లా గోడల పక్కన ఆడినా, నేను కొట్టేది ఇలాంటి ఎత్తు షాట్లే. దృశ్యమైతే మనదే బాగుంటుంది. ఇంకో మాట, పాతదా కొత్తదా అన్నది అసలు తేడా కాదు. సెయింట్ ఆండ్రూస్ దగ్గరి కింగ్స్‌బార్న్స్ కోర్సు 2000లో కోర్సుల రూపకర్త కైల్ ఫిలిప్స్ మట్టి మలిచి కట్టింది. సముద్రం పక్కన, గట్టి నేల మీద ఉంది కాబట్టి అక్కడా బంతి దొర్లుతుంది. ఫీజు మాత్రం ఓల్డ్ కోర్సుతో పోటీ పడుతుంది.

బస గురించి. సెయింట్ ఆండ్రూస్‌లో వేసవి హోటళ్ళు మండిపోతాయి. సెలవుల్లో విశ్వవిద్యాలయం హాస్టల్ గదులు యాత్రికులకి ఇస్తుంది, శుభ్రంగా ఉంటాయి, కోర్సులకి నడిచి వెళ్ళొచ్చు. ఊరికి రైల్వేస్టేషన్ లేదు. ఎడిన్‌బరో నుంచి ల్యూకర్స్‌లో దిగి బస్సు ఎక్కాలి. దారిలో 1890 నాటి ఫోర్త్ బ్రిడ్జి మీదుగా రైలు వెళుతుంది, కుడివైపు కిటికీ పట్టుకోండి. శాకాహారులకి చిన్న ఊళ్ళలో చిప్స్, చీజ్ మాకరోనీ తప్ప పెద్దగా ఏమీ ఉండదు. అందుకే మిగతా రోజులు ఎడిన్‌బరోలో వంటగది ఉన్న ఫ్లాట్ తీసుకున్నాం. మా ఆవిడ కందిపొడి, ఊరమిరపకాయలు తెచ్చింది కాబట్టి ఎవరికీ ఇబ్బంది కాలేదు.

క్లబ్బులు ఇక్కడి నుంచి మోసుకెళ్ళకండి. విమానంలో బరువు, రైళ్ళలో టెన్షన్. అద్దె సెట్లు అన్నిచోట్లా దొరుకుతాయి, బూట్లు మాత్రం మీవే తీసుకెళ్ళండి. జూన్‌లోనూ వాన కోటు, ఉన్ని స్వెటర్ ఉండాలి. ఆ నెలలో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది. చాలా కోర్సుల్లో సాయంత్రం ఫీజు తగ్గుతుంది, ఆ స్లాట్ అడగండి. క్యాడీ ఖర్చు ఎక్కువే, అయినా ఓల్డ్ కోర్సులో మాత్రం తప్పక పెట్టుకోండి. అతను చెప్పకపోతే అక్కడి బంకర్లలో సగం టీ మీద నుంచి కనపడవు.