ప్రాగ్‌లో నాన్న పోగొట్టుకున్న 1,560 క్రౌన్లు, మూడు గంటల్లోపే వెనక్కి

చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ వెళ్లేవాళ్లు ముందు ఈ ఒక్క ముక్క చదవండి, మిగతాది తీరిగ్గా చూసుకోవచ్చు. అక్కడ డబ్బు మార్చే కౌంటర్లో రేటు దగ్గర దెబ్బతింటే మూడు గంటల్లోపు రసీదు పట్టుకెళ్లి క్యాన్సిల్ చెయ్యమంటే మన యూరోలు మనకి తిరిగి ఇచ్చెయ్యాలి, 1,000 యూరోల వరకు. 2019 ఏప్రిల్ నుంచి అక్కడ చట్టమే అలా ఉంది. నాకు ఇది తెలియడం ఆ రోజు మా అదృష్టం.

2024 మేలో అమ్మానాన్న ఒంగోలు నుంచి మ్యూనిక్ వచ్చారు, బస్సులో ఐదు గంటలే కదా అని నేను, మా ఆవిడ, వాళ్లిద్దరూ కలిసి మూడు రాత్రులు ప్రాగ్ వెళ్లాం. అపార్ట్‌మెంట్ "నామ్యెస్తీ మీరు" అనే కూడలి దగ్గర తీసుకున్నా, మూడు రాత్రులకి మొత్తం 312 యూరోలు, వంటగది ఉంది, అమ్మ తెచ్చిన గోంగూర పచ్చడికి వేడన్నం దొరికింది. కానీ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, ఆ సంగతి ఫోటోల్లో ఎక్కడా కనపడలా. అమ్మ మోకాళ్లు పట్టుకుని ఎక్కుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. పెద్దవాళ్లతో వెళ్తే బుక్ చేసేముందు లిఫ్ట్ ఉందా అని మెసేజ్ పెట్టి మరీ అడగండి. ఏరియా మాత్రం బంగారం, మెట్రో, 22 నంబర్ ట్రామ్ రెండూ గుమ్మం దగ్గరే. అక్కడి మెట్రో స్టేషన్ 53 మీటర్ల లోతు, ఎస్కలేటర్ 87 మీటర్లు, చాలా వేగంగా పోతుంది, అమ్మ మొదటిసారి చూసి నేను దిగనంది, మా ఆవిడ చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుని దిగింది.

ఇక అసలు సంగతి. రెండో రోజు పొద్దున ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో గడియారం దగ్గరికి వెళ్లాం. 1410లో కట్టిన గడియారం ఇంకా పనిచేస్తోంది, ప్రతి గంటకీ పైన రెండు చిన్న కిటికీలు తెరుచుకుని పన్నెండు మంది అపోస్తలుల (యేసు శిష్యుల) బొమ్మలు వరసగా కనపడి వెళ్తాయి, పక్కన అస్థిపంజరం తాడు లాగి గంట కొడుతుంది, చివర్లో కోడి కూస్తుంది. పదకొండింటికి మేమంతా ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నాం, తిరిగి చూస్తే నాన్న లేడు. పది నిమిషాల తర్వాత నవ్వుకుంటూ వచ్చాడు, చేతిలో అక్కడి డబ్బు, క్రౌన్ల నోట్లు. వీళ్లు యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా యూరో వాడరు కదా, అన్నీ నువ్వే కడుతున్నావని ఇండియాలో మార్చుకుని తెచ్చిన 200 యూరోలు తీసుకెళ్లి పక్క సందులో కౌంటర్లో మార్చుకొచ్చాడు. "కమీషన్ సున్నా అని రాసుందిరా" అన్నాడు. నేను సరేలే అని ఊరుకున్నా, రసీదు చూడలా, ఆ తప్పు నాది.

ఒంటిగంటన్నరకి భోజనం బిల్లు నాన్నే కడతానని నోట్లు లెక్కపెడుతుంటే అప్పుడు అడిగా, ఎంతిచ్చార్నాన్నా అని. 3,400. ఆ వారం యూరోకి దాదాపు 25 క్రౌన్లు ఉంది, మంచి కౌంటర్లో 24.80 ఇస్తున్నారు, అంటే 4,960 రావాలి. నాన్నకి యూరోకి 17 చొప్పున ఇచ్చారు. పెద్ద అక్షరాల్లో రాసిన రేటు బాగా ఎక్కువ మొత్తం మార్చేవాళ్లకట, మామూలు వాళ్ల రేటు కింద చిన్న అక్షరాల్లో ఉంది. 1,560 క్రౌన్లు, మన డబ్బుల్లో ఐదున్నర వేల పైనే. నాన్న ముఖం చూడలేకపోయా. ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసిన మనిషి, ఒక్క బోల్టుకి కూడా లెక్క చెప్పేవాడు. అమ్మ ఏదో అనబోయి ఆయన్ని చూసి ఆగిపోయింది.

రసీదు మీద టైము 11:07. అంటే 2:07 దాకా ఉంది. కొంత ఖర్చయిపోయింది కాబట్టి మా ఆవిడ పర్సులోంచి కలిపి 3,400 పూర్తి చేశాం, అమ్మని అక్కడే కూర్చోబెట్టి వెళ్లాం. కౌంటర్లో అమ్మాయి మొదట కుదరదంది, తర్వాత మేనేజర్ లేరంది, తర్వాత నా వైపు చూడటమే మానేసింది, వెనక ఇంకో ఫ్యామిలీ డబ్బు మార్చడానికి నిలబడి ఉంది. నేను ఫోన్లో చెక్ నేషనల్ బ్యాంక్ పేజీ తెరిచి అద్దానికి ఆనించి పెట్టా, ఈ కౌంటర్లకి లైసెన్సులూ తనిఖీలూ ఆ బ్యాంకువే. ఇప్పుడే కంప్లైంట్ పెడతా అన్నా. అప్పుడు ఒక ఫారం తీసి సంతకం పెట్టించుకుని 200 యూరోలు లెక్కపెట్టి ఇచ్చింది. టైము 1:52. వెనక ఫ్యామిలీ అంతా చూసి మార్చకుండానే వెళ్లిపోయారు, నాకు ఆ రోజు అదో పెద్ద సంతోషం.

ఈ చట్టం కౌంటర్లకే, ఏటీఎంకి గానీ రోడ్డు మీద మంచి రేటిస్తానని వచ్చేవాళ్లకి గానీ పనికిరాదు. రోడ్డు మీద వాళ్లు చెల్లని వేరే దేశం నోట్లు అంటగడతారు, అసలు మాట్లాడొద్దు. అక్కడ కార్డు దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది, మెషీన్ యూరోల్లో కట్టించుకోమంటావా అని అడిగితే వద్దు, క్రౌన్లలోనే అని నొక్కండి.

రెండింటికి మళ్లీ గడియారం కిందే నిలబడ్డాం, ఈసారి ఎవరం ఫోన్ తియ్యలా. నాన్న ఆ అస్థిపంజరం చెయ్యి ఎలా కదులుతుందో, లోపల ఏ పళ్లచక్రం దేన్ని తిప్పుతుందో చెప్పడం మొదలుపెట్టాడు, అప్పటికి గానీ నా ఊపిరి సర్దుకోలా.

డబ్బు పెట్టకుండా బాగుండేవి ఆ ఊళ్లో బోలెడు. చార్లెస్ బ్రిడ్జి పొద్దున ఆరింటికి వెళ్లండి, పదింటికి వెళ్తే జనం వీపులు తప్ప ఏమీ కనపడదు. 1357లో నాలుగో చార్లెస్ రాజు మొదలుపెట్టిన వంతెన, రెండు వైపులా 30 విగ్రహాలు, కింద వల్తవా నది మీద పొగమంచు. సున్నంలో కోడిగుడ్లు కలిపి కట్టారని అక్కడ చెప్పుకుంటారు, నాన్న అయితే "మన పాత మిద్దెలకీ గుడ్డుసొన కలిపేవాళ్లురా" అని రాయి తడిమి చూశాడు. వీషెహ్రాద్ కోట ఇంకోటి, లోపల తిరగడానికి టికెట్ లేదు, నది పైనుంచి గాలి, సంగీతకారుడు ద్వోర్జాక్ సమాధి అక్కడే ఉంది, టూరిస్టులు తక్కువ, అమ్మ బెంచీ మీద గంటసేపు కదల్లేదు. ప్రాగ్ కోటలో సెయింట్ వీటస్ చర్చి చూశాం, 1344లో మొదలై 1929లో పూర్తయింది, బాగుంది, క్యూ మాత్రం నలభై నిమిషాలు.

తిండి దగ్గర అమ్మకి భయం ఉండేది, గుడ్డు తింటుంది కానీ మాంసం ముట్టదు. ఆమెని నవ్వించింది "క్నెడ్లీకి" అనే పండ్ల వంటకం. మన కుడుముల్లా ఉడికించిన ఉండలు, లోపల పూర్ణం ఉండాల్సిన చోట రేగుపండంత ప్లమ్, పైన కరిగించిన వెన్న, తురిమిన పనీర్ లాంటిది, పంచదార. అక్కడ దీన్ని స్వీటుగా కాదు, భోజనంగానే తింటారు. ప్లేటు 185 క్రౌన్లు, రెండు రోజులు అదే తింది. రోడ్ల మీద గొట్టంలా కాల్చి అమ్మే త్రదెల్నీక్ మాత్రం 140 పెట్టి తిన్నాం, వేడిగా ఉందంతే, మళ్లీ కొనను.

72 గంటల టికెట్ మేం వెళ్లినప్పుడు, 2024లో, మనిషికి 330 ఉండేది, మెట్రో, ట్రామ్, బస్సు అన్నీ అందులోనే. పసుపు మిషన్లో మొదటిసారి స్టాంప్ కొట్టడం మర్చిపోవద్దు, మామూలు బట్టల్లో చెకింగ్ వాళ్లు తిరుగుతారు. 23 నంబర్ మీద 1960ల డిజైన్ పాత తాత్రా ట్రామ్‌లు అదే టికెట్‌తో నడుస్తాయి. చివరి సాయంత్రం ప్రాగ్ కోట దగ్గర అదెక్కాం, నాన్న సీటున్నా కూర్చోకుండా డ్రైవర్ క్యాబిన్ వెనక అద్దం దగ్గర నిలబడి, బ్రేక్ వేసినప్పుడల్లా ఆ చప్పుడు ఎందుకొస్తుందో మా ఆవిడకి చెప్తూనే ఉన్నాడు. దిగాల్సిన స్టాప్ వెళ్లిపోయింది, నేను చెప్పలా. చివరి స్టాప్ దాకా వెళ్లి, దిగి, మళ్లీ 23 కోసమే నిలబడ్డాం.