ఇవెయిన్, గావెయిన్, లాన్సెలాట్: నైట్ల ప్రేమకథల్లో ముందు ఏది చదవాలి?

మధ్యయుగపు యూరప్ నైట్ల (గుర్రమెక్కి పోరాడే దొరల) కథలు చదవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగితే ఎక్కువమంది చెప్పే పేరు లాన్సెలాట్. ఆర్థర్ రాజు కొలువు, రాణి గినివీర్, ఆమె కోసం ఏమైపోయినా సరే అనుకునే వీరుడు, కోర్ట్‌లీ లవ్ (వీరుడు ఒక దొరసానికి తనని తాను అర్పించుకునే కొలువుల నాటి ప్రేమ) అంటే ఇదే కదా అంటారు. నేను మాత్రం ముందు ఇవెయిన్ చదవమంటాను, తర్వాత గావెయిన్, లాన్సెలాట్ మూడోది. ఎందుకో చెప్పాలంటే కథలు విప్పక తప్పదు, ముగింపులు తెలిసిపోతాయి, కానీ వీటిలో ముగింపు తెలిసినంత మాత్రాన పోయేదేమీ లేదు.

లాన్సెలాట్, ఇవెయిన్ రెండూ ఒకే కవివి. 12వ శతాబ్దపు ఫ్రెంచ్ కవి క్రెతియెన్ ద త్రువా ఈ రెంటినీ 1170ల చివర్లో, దాదాపు ఒకే సమయంలో రాశాడని పండితుల అంచనా. ఇవెయిన్ కథలో ఒకచోట కష్టంలో ఉన్నవాళ్లు ఆర్థర్ కొలువులోని మరో నైట్ గావెయిన్ సాయం కోసం వెతికితే, రాణిని ఎవరో ఎత్తుకుపోయారు, ఆయన ఆమె కోసం వెళ్లాడు అని తెలుస్తుంది. ఆ ఎత్తుకుపోవడమే లాన్సెలాట్ కథ. మూడోది, 'సర్ గావెయిన్ అండ్ ద గ్రీన్ నైట్', రెండు వందల ఏళ్ల తర్వాత ఇంగ్లండ్‌లో పుట్టింది, 2530 పాదాలే, ఒక్క రాతప్రతిలోనే మిగిలింది.

లాన్సెలాట్ కథలో అందరికీ గుర్తుండిపోయేది బండి. మెలియగాంట్ అనేవాడు రాణిని తీసుకుపోతాడు. వెంటపడిన లాన్సెలాట్‌కి గుర్రం లేకుండా పోతుంది, దారిలో ఒక మరుగుజ్జు బండి తోలుకుంటూ కనిపించి, ఇందులో ఎక్కితే రాణి సంగతి రేపటికల్లా తెలుస్తుందంటాడు. అది దొంగల్నీ హంతకుల్నీ ఊరంతా తిప్పే బండి, ఎక్కినవాడికి ఇంక ఏ కొలువులోనూ మర్యాద ఉండదు. లాన్సెలాట్ రెండంటే రెండడుగులు తటపటాయించి ఎక్కేస్తాడు. గావెయిన్ అయితే ససేమిరా అని గుర్రం మీదే వెంట వస్తాడు. తర్వాత లాన్సెలాట్ కత్తినే వంతెనగా వేసిన చోట, చేతులకీ కాళ్లకీ ఉన్న తొడుగులు తీసేసి, రక్తం కారుతున్నా పాక్కుంటూ దాటతాడు. ఇంత చేసి రాణి ముందుకొస్తే ఆమె పలకరించదు. కారణం తర్వాతెప్పుడో చెబుతుంది, బండి ఎక్కడానికి రెండడుగులు ఆలోచించావు కదా అని.

ఆ రెండడుగుల మాట రాసిన కవికి నేను దండం పెడతాను. కానీ కావ్యం మొత్తం ఆ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. టోర్నమెంట్‌లో (నైట్లు పందెంగా పోట్లాడే పోటీలో) చేతకానివాడిలా పోట్లాడు అని రాణి కబురు పెడితే అలాగే పోట్లాడి అందరిచేతా ఛీ అనిపించుకుంటాడు, బాగా పోట్లాడు అంటే గెలుస్తాడు. ప్రేమ అతన్నుంచి అడిగేది విధేయత ఒక్కటే. గినివీర్ ఏం అనుకుంటోందో కాసేపే తెలుస్తుంది, అతను చనిపోయాడని తప్పుడు వార్త విన్నప్పుడు తనని తాను తిట్టుకుంటూ ఏడ్చే చోట, అక్కడ మాత్రం ఆమె నిజంగా మనిషి. ఈ కథనీ దాని భావాన్నీ ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతపు దొరసాని, కౌంటెస్ మారీ ఇచ్చిందని కవి మొదట్లోనే చెప్పుకుంటాడు, చివరి భాగం తను రాయకుండా గోడ్‌ఫ్రువా అనే మరొకరికి వదిలేశాడు. ఆయన మనసు ఇందులో పూర్తిగా లేదనే నాకనిపిస్తుంది. అయినా ఇదే ఇంత పేరు తెచ్చుకోవడానికి ఒక కారణం ఉంది. 1883లో గాస్తోన్ పారీ అనే ఫ్రెంచ్ పండితుడు కోర్ట్‌లీ లవ్ లక్షణాలు వివరించింది ఈ కావ్యాన్ని దగ్గర పెట్టుకునే. ఒక కావ్యాన్ని చూసి రాసిన లక్షణాలే మిగతావాటికి కొలబద్ద అయిపోయాయి.

ఇవెయిన్ కథలో పెళ్లి ముందే అయిపోతుంది, అసలు చిక్కు ఆ తర్వాతే. బ్రోసెలియాండ్ అడవిలో ఒక ఊట, పక్కనున్న రాతి మీద ఆ నీళ్లు పోస్తే తుఫాను లేస్తుంది, దాన్ని కాపాడే వీరుడు యుద్ధానికొస్తాడు. ఇవెయిన్ అతన్ని చంపి, అతని భార్య లోదీన్‌నే ప్రేమిస్తాడు, కొద్దిరోజుల్లోనే ఆమె ఇతన్ని పెళ్లి చేసుకుంటుంది. ఇది చదివి ఇబ్బందిపడతాం, పడాలి కూడా. కానీ లోదీన్ పరిస్థితి చూడండి. ఆర్థర్ రాజు పరివారంతో వచ్చేస్తున్నాడు, ఊటకి కాపలా లేకపోతే నేల పోతుంది, తన మనుషుల్లో ఎదురు నిలిచేవాడు ఒక్కడూ లేడు. ఇద్దరు పోట్లాడితే గెలిచినవాడే కదా గట్టివాడు అని పరిచారిక లునెట్ వాదించి ఆమెని ఒప్పిస్తుంది. గినివీర్‌కి లేనిది ఈమెకుంది, సొంత రాజ్యం, దాని మీద దిగులు.

పెళ్లయ్యాక గావెయిన్ వచ్చి, పెళ్లాం కొంగు పట్టుకుని కూర్చుంటే పరువు పోతుంది, టోర్నమెంట్లకి రమ్మంటాడు. చర్చి 1130లో, మళ్లీ 1139లో టోర్నమెంట్లని నిషేధించినా నైట్లు మానలేదు, పేరూ డబ్బూ అక్కడే ఉండేవి మరి. లోదీన్ ఏడాది గడువిచ్చి, ఉంగరం తొడిగి పంపుతుంది. అతను గడువు మర్చిపోతాడు. ఆమె పంపిన అమ్మాయి నిండు కొలువులోకొచ్చి, మా దొరసాని తన గదిలో రోజులన్నీ గుర్తులు పెట్టుకుంటూ కూర్చుంది, నువ్వు అబద్ధాలకోరువి అని ఉంగరం లాగేసుకుంటుంది. ఇవెయిన్‌కి మతి పోయి, బట్టలు చింపుకుని, అడవిలో పచ్చిమాంసం తింటూ తిరుగుతాడు. వీరధర్మానికీ భార్యకిచ్చిన మాటకీ మధ్య పడిన చీలిక ఇంత సూటిగా మిగతా రెండింట్లో లేదు.

కోలుకున్నాక అతను చేసే యుద్ధాలు పేరు కోసం కాదు. పాము పట్టిన సింహాన్ని కాపాడితే అది తోడుగా వస్తుంది, తననే వెతుక్కునే స్థితిలో ఉన్నాడు కాబట్టి సింహం నైట్ అనే పేరుతోనే తిరుగుతాడు. లునెట్‌ని మంటల్లోంచి తప్పిస్తాడు. ఒక కోటలో మూడు వందలమంది ఆడవాళ్లు చిరిగిన బట్టలతో పట్టు నేస్తుంటారు, ఒక లీవ్ర్ విలువ చేసే పనికి తమకి దక్కేది నాలుగు దెనియేలే అని చెబుతారు, లీవ్ర్‌కి 240 దెనియేలు కాబట్టి అరవయ్యో వంతు. మా చెమటతో, పని చేయించుకునేవాడు ధనవంతుడవుతున్నాడు అంటారు. బట్టల వ్యాపారానికి పేరుపడ్డ షాంపేన్ సంతల ప్రాంతపు కవి రాసిన మాటలివి. ప్రేమకథలో కూలి లెక్క చెప్పగలిగిన కవి కాబట్టే ఈ కావ్యానికి నేను ఇంత గట్టిగా ఓటేస్తున్నాను.

దీని ముగింపు మాత్రం నాకు నచ్చదు. సింహం నైట్‌ని అతని దొరసానితో కలుపుతానని లునెట్ తెలివిగా లోదీన్ చేత ఒట్టు వేయించి ఇద్దరినీ కలుపుతుంది, విషయం తెలిశాక లోదీన్, ఒట్టు వేసుండకపోతే జీవితాంతం గాలివానలు భరించేదాన్ని అంటుంది. ఆ కోపం ఒక్క పేజీలో చల్లారిందంటే నమ్మలేం.

గావెయిన్ కథ సంగతి వేరు. కొత్త సంవత్సరం రోజున ఆకుపచ్చ మనిషి గొడ్డలితో వచ్చి, నా తల నరుకు, ఏడాది తర్వాత నేను నీది నరుకుతాను అంటాడు. గావెయిన్ నరుకుతాడు, అతను చావకుండా తల చేతపట్టుకుని వెళ్లిపోతాడు. మాట నిలబెట్టుకోవడానికి బయల్దేరిన గావెయిన్‌ని దారిలో ఒక కోటలో దొరసాని మూడు ఉదయాలు పక్క దగ్గరికొచ్చి పరీక్షిస్తుంది. ముద్దు కూడా అడగవు, నువ్వు గావెయిన్‌వేనా అని దెప్పుతుంది. కోర్ట్‌లీ లవ్‌లో అతనికున్న పేరే ఇక్కడ ఉచ్చు. ఆమెని నొప్పించకూడదు, ఆమె భర్తకి ద్రోహం చేయకూడదు, ఈ రెంటి మధ్య అతను నోటిమాటలతో నెగ్గుకొస్తుంటే మనకి టెన్షన్. చివరికి జారిపోయేది కోరిక దగ్గర కాదు, రోజంతా దొరికింది సాయంత్రం ఒకరికొకరు ఇచ్చుకుందామని కోట దొరతో ఒప్పందం ఉన్నా, ప్రాణం కాపాడుతుందని ఆమె ఇచ్చిన ఆకుపచ్చ నడికట్టు దాచుకోవడం దగ్గర. బతుకు మీద తీపితో చేశావు కాబట్టి అంతగా తప్పుపట్టను అని ఆకుపచ్చ నైట్ (ఆ కోట దొర అతనే) మెడ మీద చిన్న గాటుతో వదిలేస్తాడు. కట్టడంలో మూడింట్లోకీ ఇదే గొప్పది. రెండో స్థానం ఎందుకంటే, నైట్ మర్యాదలు ఎలా ఉంటాయో కొంత తెలిసుంటేనే ఆ గదిలో మాటల పదును అందుతుంది, ఇవెయిన్ చదివితే ఆ పరిచయం వస్తుంది. ఇంకోటి, చివర్లో గావెయిన్ తన తప్పుకి ఆడవాళ్లందర్నీ తిట్టడం చదవడానికి చిరాకే.

ఇంగ్లీషు అనువాదాల్లో ఇవెయిన్‌ని వచనంలో చదివినా నష్టం తక్కువ, కథనం వేగంగా సాగిపోతుంది. గావెయిన్‌ని మాత్రం పద్యానువాదంలోనే చదవండి, అక్షరాల మోతలోనే సగం అందం ఉంది. లాన్సెలాట్‌కి వచ్చేసరికి తొందరపడితే బండి నుంచి టోర్నమెంట్ దాకా చదివి, గోడ్‌ఫ్రువా రాసిన భాగం తర్వాతకి ఉంచుకోవచ్చు.