టర్కీ కీమా: మూడేళ్లుగా తెగని నీళ్ల గొడవ

టర్కీ కోడి మాంసం కీమాలో ప్రోటీన్ ఎంత, కొవ్వు ఎంత అన్నది ప్యాకెట్ మీదే ఉంటుంది కాబట్టి ఆ జోలికి పోను. మూడేళ్లుగా వారానికి రెండుసార్లు వండుతున్నాను. నా గొడవంతా ఒక్కదాని గురించే. ఇది నీళ్లు వదులుతుంది. కాస్తో కూస్తో కాదు, వేగాల్సిన మాంసం తన నీళ్లలో తానే ఉడికిపోతుంది.

మొదటి ఏడాది నేను వండినవన్నీ అలాంటివే. బూడిదరంగు, రుచీ పచీ లేదు, పంటి కింద తడి రంపపు పొట్టు. మసాలా ఎంత దట్టించినా అది పైపైనే ఉండేది.

ఒక సాయంత్రం ఇద్దరు స్నేహితులు భోజనానికి వస్తున్నామని ఫోన్ చేశారు. ఫ్రీజర్‌లో కిలో ముద్ద ఉంది, ఇటుకలా గట్టిగా. ముందు రోజే ఫ్రిజ్‌లోకి దించి ఉంటే ఏ గొడవా లేదు, దించలేదు. మైక్రోవేవ్‌లో డీఫ్రాస్ట్ పెడితే అంచులు ఉడికి తెల్లబడ్డాయి, మధ్యలో మాత్రం ఐసు అలాగే ఉంది. టైమ్ లేదని అలాగే బాండీలో పడేసి, చుట్టూ కరిగినంత మేర గరిటెతో గీకుతూ నిలబడ్డాను. పది నిమిషాల్లో బాండీ చెరువైపోయింది. వేడి పెంచితే నీళ్లు ఇంకా తెర్లాయి తప్ప మాంసం రంగు మారలేదు. మారదు కూడా. నీళ్లున్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీల సెల్సియస్ దాటదు, ఎర్రగా వేగాలంటే 140 దాకా వెళ్లాలి. ఈ లెక్క నాకు తర్వాత తెలిసింది. అప్పటికైతే టెన్షన్‌లో నీళ్లన్నీ సింకులోకి వంపేశాను, ఉన్న కాస్త రుచీ వాటితోనే పోయింది. టమాటా సాస్ పోసి స్పగెట్టీలో కలిపి వడ్డించాను. రెండు ముద్దలు తిన్నాక ఒకామె చాలా మర్యాదగా అడిగింది, "ఇది సోయానా?" అని.

దారి చూపించింది బేకింగ్ సోడా. ఎక్కడో చదివినప్పుడు నమ్మలేదు, కేకుల్లో వేసేది మాంసంలో ఏమిటని. అరకిలో కీమాకి పావు టీస్పూన్ సోడా, ఒక పెద్ద చెంచా నీళ్లలో కలిపి పట్టించి 15-20 నిమిషాలు వదిలేయాలి. సోడా క్షారం కాబట్టి మాంసం వేడికి అంతగా బిగుసుకోదు, నీళ్లు లోపలే ఉంటాయి. తేడా ముందు చెవికి తెలిసింది. ఎప్పుడూ బుడబుడమనే పెనం ఆ రోజు చుయ్‌మంది. కీమాని చెదరగొట్టకుండా వెడల్పాటి పెనంలో వేలి మందాన అదిమి, ఐదు నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడ్డాను (ఇదే అన్నిటికన్నా కష్టం, గరిటె చేతిలో ఉంటే కదపకుండా ఉండలేం). అంచులు ముడుచుకుని గోధుమరంగుకి తిరిగాయి. అట్లకాడతో ఒక మూల ఎత్తి చూస్తే అడుగున కరకరలాడే పొర! దాన్ని తిరగేసి, ఆ తర్వాతే ముక్కలు చేశాను. అయితే చెయ్యి జారకూడదు. ఒకసారి సోడా అర టీస్పూన్ దాటితే కూరంతా సబ్బు వాసన కొట్టింది, పారేయాల్సి వచ్చింది.

మొదట్లో 99 శాతం లీన్ (అంటే కొవ్వు ఒక్క శాతమే) ప్యాకెట్‌ని కనిపించినవాళ్లందరికీ పొగిడాను. ఆ మాట ఇప్పుడు కాస్త సవరించుకోవాలి. అది ఒట్టి రొమ్ము మాంసం, సూపుకి బాగానే ఉంటుంది. ప్యాటీలు చేస్తే చెక్కబిళ్లలే. వేపుడుకీ ప్యాటీలకీ 93 శాతానికి మారాను. ఇరవై నిమిషాల్లో వంటైపోతుందని చెప్పింది కూడా నేనే. ఐసు కరగడం, సోడా నానడం అందులో కలపలేదు.

అన్నం మీదికి వెల్లుల్లి, సోయా సాస్, బీన్స్‌తో చేసేది మా ఇంట్లో బాగా నడుస్తోంది. పుట్టగొడుగులు కలిపితే రుచి పెరుగుతుంది, కానీ అవీ నీళ్లు వదిలే రకమే, విడిగా వేయించుకోండి. ప్యాటీలకి థర్మామీటర్ కొనక తప్పలేదు. లోపల 74 డిగ్రీలు చూపించాలి. రంగుని నమ్మడానికి లేదు, ఉడికినా ఒక్కోసారి గులాబీగానే ఉంటుంది. పచ్చి కీమా ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకు మించి ఉంచను. ఇప్పుడు తెచ్చిన రోజే అరకిలో చొప్పున సంచుల్లో పలచగా పరిచి ఫ్రీజర్‌లో పెడుతున్నాను, ఇటుకల బాధ తప్పింది.

కొనమంటానా? మా ఇంట్లో ఎర్రమాంసం తగ్గించాల్సి వచ్చింది కాబట్టి ఇది నిలబడింది. నా ఒక్కదానికే అయితే నెలకోసారి చాలు. మాది నెమ్మదిగా వేడెక్కే కరెంటు స్టవ్, పెద్ద మంట ఉన్నవాళ్లకి నా నీళ్ల గొడవలో సగం ఉండకపోవచ్చు. సోయానా అని అడిగినావిడకి మాత్రం మళ్లీ వడ్డించే ధైర్యం ఇంకా రాలేదు.